.22 లాంగ్ రైఫిల్

.22 లాంగ్ రైఫిల్ అనునది రైఫిళ్ళలోను, పిస్తోళ్ళలోను, రివాల్వర్లలోను వాడే ఒక చిన్న తూటా. గుండు వ్యాసం అంగుళంలో నూటికి 22 వంతులు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు ఉండడం వలన దీనికి ఈ పేరు వచ్చినది. మన దేశంలో దీనిని వాడుకగా "పాయింట్ టూ టూ" అంటారు. కళాశాలలో ఎన్.సి.సి. శిక్షణ పొందినవారిలో చాలామంది జీవితంలో మొదటిసారి (ఎక్కువమంది విషయంలో చివరిసారి కూడా) పేల్చినది ఈ తూటానే. 1887లో అమెరికాలో తయారైన దీని రూపం నేటికీ పెద్దగా మారలేదు. ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిల్, 25 మీటర్ల పిస్తోలు పోటీలు దీనితోనే జరుగుతాయి. వేటకు అనుమతి ఉన్న దేశాలలో కుందేలు, ఉడుత వంటి చిన్న జంతువుల వేటకు కూడా దీనిని ఉపయోగిస్తారు.

తుపాకులను గురించి కొత్తగా తెలుసుకొనేవారు తూటా ఎంత బలమైనదైతే అంత మంచిదని భావించడం సహజం. .22 లాంగ్ రైఫిల్ ఈ అభిప్రాయానికి ఎదురు సాక్ష్యంగా నిలుస్తుంది. దీని బలం స్వల్పం, వేగం తక్కువ. అయినప్పటికీ 50 మీటర్ల దూరంలో ఒక చిన్న గుండీ అంత స్థలంలో వరుసగా గుండ్లు వేయగల తూటా ఇది. ఏ పనికి ఏ తూటా, ఏ రైఫిల్, ఏ సామగ్రి తగినవో ఎంచుకొనే పద్ధతిని అర్థం చేసుకొనడానికి ఇది మంచి ఉదాహరణ.

పేరు

"లాంగ్ రైఫిల్" అనగా పొడవైన రైఫిల్ అని పొరబడరాదు. "లాంగ్" అనునది దీనికి ముందు వచ్చిన ఒక తూటా పేరు. ఆ తూటాలో రైఫిల్‌కు తగిన బరువైన గుండు అమర్చినందున "లాంగ్ రైఫిల్" అయినది. కనుక పిస్తోలులో వాడినప్పుడు కూడా దీని పేరు లాంగ్ రైఫిలే.

చరిత్ర

1845లో ఫ్రాన్సు దేశానికి చెందిన లూయీ నికొలా ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు ఒక చిన్న పేలుడు మూతలో సీసపు గోళీని అమర్చి తూటా తయారు చేశాడు. ఇందులో తుపాకి మందు ఉండదు. మూతలోని పేలుడు పదార్థమే గోళీని నెడుతుంది. ఇంటి హాలులో కూర్చొని సరదాగా గురి చూసుకొనడానికి ఆ కాలపు సంపన్నులు దీనిని వాడేవారు. 1857లో అమెరికాలోని స్మిత్ అండ్ వెసన్ సంస్థ తమ మొదటి రివాల్వరు కోసం ఇదే పద్ధతిలో కొద్దిపాటి మందు చేర్చి .22 షార్ట్ అనే తూటాను విడుదల చేసినది. 1871లో తొడుగును పొడిగించి .22 లాంగ్ చేశారు. 1887లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని జె. స్టీవెన్స్ ఆర్మ్స్ అండ్ టూల్ కంపెనీ ఈ లాంగ్ తొడుగులో 29 గ్రెయిన్ల గుండుకు బదులు 40 గ్రెయిన్ల గుండును అమర్చినది. అదే .22 లాంగ్ రైఫిల్.

గ్రెయిన్ అనునది ధాన్యపు గింజ బరువు నుండి పుట్టిన పాత కొలత. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్లే, పాశ్చాత్య దేశాలలో గుండును, మందును నేటికీ గ్రెయిన్లలోనే చెబుతారు. 40 గ్రెయిన్లు సుమారు 2.6 గ్రాములకు సమానం.

మొదటి తూటాలలో నల్లమందు వాడేవారు. తరువాత పొగరాని మందు వచ్చినది. అంతకంటే పెద్ద మార్పు 1920ల దశకంలో జరిగినది. అంతకుముందు పేలుడు మిశ్రమంలో ఉండే లవణాలు గొట్టంలో మిగిలి, గాలిలోని తేమను పీల్చుకొని, ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టించేవి. తుప్పు పట్టించని మిశ్రమాలు వాడుకలోకి రావడంతో .22 రైఫిల్ గొట్టం ఆయుష్షు ఎంతో పెరిగినది. 1930 ప్రాంతంలో అధిక వేగపు తూటాలు, 1977లో సి.సి.ఐ. సంస్థ స్టింగర్ పేరుతో మరింత వేగవంతమైన తేలిక గుండు తూటాలు వచ్చాయి.

నిర్మాణం

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగు అంచులో పేలుడు మిశ్రమం, లోపల తుపాకి మందు, పైన సీసపు గుండు. తొడుగు పొడవు సుమారు 15.6 మిల్లీమీటర్లు. గుండుతో కలిపి మొత్తం తూటా ఇంచుమించు ఒక అంగుళం ఉంటుంది.

పెద్ద రైఫిళ్ళ తూటాలలో పేలుడు మిశ్రమం అడుగున నడిమధ్యలో ప్రత్యేకమైన చిన్న గిన్నెలో ఉంటుంది. .22లో అలా కాదు. తొడుగు అడుగున బయటకు మడిచిన అంచు లోపల బోలుగా ఉంటుంది. తడి మిశ్రమాన్ని తొడుగులో వేసి వేగంగా గిర్రున త్రిప్పితే అది ఆ బోలు అంచులోకి చేరుకుంటుంది. ట్రిగ్గరు నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ను అంచును నలిపి మిశ్రమాన్ని మండిస్తుంది. కనుకనే వీటిని అంచు తూటాలు లేదా రిమ్‌ఫైర్ తూటాలు అంటారు.

ఈ పద్ధతి చవకైనది, సులభమైనది. కాని దీని వలన మూడు పరిమితులు ఏర్పడ్డాయి. మొదటిది, నలిగేందుకు వీలుగా అంచు పలుచగా ఉండాలి కనుక తొడుగు ఎక్కువ పీడనాన్ని తట్టుకొనలేదు. అందువలన ఈ తూటాను ఒక మేరకు మించి బలమైనదిగా చేయడం సాధ్యం కాదు. రెండవది, మిశ్రమం అంచు చుట్టూ సమానంగా వ్యాపించకపోతే పిన్ను తగిలిన చోట ఖాళీ ఉండి తూటా పేలదు. పెద్ద తూటాలతో పోలిస్తే .22లో పేలని తూటాలు ఎక్కువగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణం. మూడవది, ఒకసారి కాల్చిన తొడుగును ఇంటివద్ద మరల నింపుకొనడం ఆచరణలో కుదరదు. పెద్ద రైఫిళ్ళు వాడేవారు తమ తుపాకికి నప్పేలా మందును, గుండును తామే కొలిచి తూటాలు నింపుకుంటారు. .22 వాడేవారికి ఆ అవకాశం లేదు, కర్మాగారం ఇచ్చినదే వాడాలి. కనుక ఇక్కడ నైపుణ్యం అంతా తయారు చేయడంలో కాక ఎంచుకొనడంలో ఉన్నది.

గుండు కూడా పాతకాలపు పద్ధతిలోనే ఉంటుంది. దాని వెనుక భాగం కాస్త సన్నగా ఉండి తొడుగులోకి దూరుతుంది, ముందు భాగం తొడుగుతో సమానమైన లావు ఉంటుంది. గుండు పైపూతగా మైనం లేదా కొవ్వు పదార్థం ఉంటుంది. ఈ పూతకు దుమ్ము, ఇసుక సులభంగా అంటుకుంటాయి. .22 తూటాలను జేబులో విడిగా వేసుకొనరాదని శిక్షకులు చెప్పడానికి కారణం ఇదే.

వేగము, గాలి

సాధారణ తూటాలో గుండు సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 15 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. అనగా ఈ గుండు ధ్వని కంటే కొంచెం నెమ్మదిగా వెళుతుంది. అధిక వేగపు తూటాలో గుండు 380 మీటర్ల వేగంతో ధ్వనిని దాటి బయలుదేరి, దారిలో గాలి నిరోధం వలన మరల ధ్వని వేగం కంటే తక్కువకు పడిపోతుంది. శక్తి లెక్కలో చూస్తే సాధారణ తూటా మూతి వద్ద 140 జౌళ్ళు, అధిక వేగపు తూటా 190 జౌళ్ళు ఇస్తాయి. పెద్ద జంతువుల వేటకు పేరుపడిన .30-06 తూటా ఇంచుమించు 3,900 జౌళ్ళు ఇస్తుందని గుర్తుంచుకుంటే .22 స్థానం ఏమిటో తెలుస్తుంది.

వేగంగా వెళ్ళే గుండు గాలికి తక్కువగా పక్కకు జరుగుతుందని ఎవరైనా ఊహిస్తారు. .22 విషయంలో ఈ ఊహ తప్పు. అడ్డంగా గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తున్నదనుకుందాం. 100 మీటర్ల దూరంలో సాధారణ తూటా గుండు సుమారు 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే, అధిక వేగపు తూటా గుండు ఇంచుమించు 15 సెంటీమీటర్లు జరుగుతుంది. దీనికి కారణం ఏమనగా, గాలి వలన కలిగే జరుగుడు గుండు ఎంతసేపు ప్రయాణించినది అనే దానిపై కాక, నిరోధం వలన ఎంత ఆలస్యమైనది అనే దానిపై ఆధారపడుతుంది. నిరోధమే లేని శూన్యంలో వెళితే పట్టే కాలానికి, నిజంగా పట్టిన కాలానికి గల తేడాయే ఆ ఆలస్యం. ధ్వని వేగం సమీపంలోను, దానికి కొంచెం పైనను గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. అధిక వేగపు గుండు తాను అదనంగా తెచ్చుకొన్న వేగాన్ని అక్కడే కోల్పోయి, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లిస్తుంది. పైగా ధ్వని వేగాన్ని దిగి వచ్చేటప్పుడు కలిగే కుదుపులు గుండు నిలకడను కూడా దెబ్బతీయవచ్చును.

ఇది చిన్న విషయం కాదు. 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం కేవలం 10.4 మిల్లీమీటర్లు. సెకనుకు ఒక్క మీటరు వేగంతో వీచే గాలి, అంటే చెంపకు తగిలీ తగలనట్లుండే గాలి, సాధారణ తూటా గుండును 50 మీటర్ల వద్ద 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. అనగా వలయం మధ్య నుండి అంచు వరకు. అందువలననే పోటీలకు తయారుచేసే తూటాలన్నీ ధ్వని కంటే తక్కువ వేగంతోనే ఉంటాయి, షూటింగ్ రేంజిలో వరుసగా చిన్న చిన్న గాలి జెండాలు పాతుతారు. మంచి షూటర్ లక్ష్యాన్ని చూసినంతసేపు ఆ జెండాలను కూడా చూస్తాడు.

కాలానికి, చోటుకు కూడా ప్రభావం ఉన్నది. చలిలో గుండు పైపూత గట్టిపడి, వేగం మారి గుంపు చెదురుతుంది. పైగా సున్నా డిగ్రీల వద్ద ధ్వని వేగం 331 మీటర్లకు పడిపోతుంది కనుక మామూలు తూటా కూడా ఆ సరిహద్దుకు దగ్గరవుతుంది. మన ఎండలలో సమస్య వేరు. ఎండలో వదిలిన పెట్టెలో పూత కరిగి, తూటాలు ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా ప్రవర్తిస్తాయి. పెట్టెను నీడలో ఉంచడం ఖర్చు లేని జాగ్రత్త.

గుండు కిందికి పడడం కూడా లెక్కలోకి వస్తుంది. 50 మీటర్లకు సరిచూసిన రైఫిల్‌తో 100 మీటర్ల లక్ష్యాన్ని అదే గురితో కాల్చితే సాధారణ తూటా గుండు 18 నుండి 20 సెంటీమీటర్లు కిందుగా తగులుతుంది.

పోటీలకు తూటాల ఎంపిక

ఇంగ్లండుకు చెందిన ఈలే, జర్మనీకి చెందిన ఆర్.డబ్ల్యు.ఎస్., ఎస్.కె., ఫిన్లాండు పేరుతో ప్రసిద్ధమైన లాపువా మొదలగు సంస్థలు పోటీ తూటాలకు పేరు పొందాయి. అయితే కొనేటప్పుడు పేరు కంటే ముఖ్యమైనది లాట్ నంబరు. ఒకే యంత్రంపై, ఒకే సరఫరా సీసం, మందు, మిశ్రమంతో ఒక విడతగా తయారైన తూటాలను ఒక లాట్ అంటారు. ఒకే పేరు, ఒకే ధర గల రెండు లాట్లు ఒకే రైఫిల్‌లో వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఒక రైఫిల్‌లో అద్భుతంగా పనిచేసిన లాట్, అదే కంపెనీ తయారుచేసిన మరొక రైఫిల్‌లో మామూలుగా ఉండవచ్చును. దీనిని ముందుగా ఊహించే మార్గం లేదు. కాల్చి చూడవలసినదే.

పెద్ద తయారీదారులు ఇందుకోసం ప్రత్యేక పరీక్షా కేంద్రాలు నడుపుతున్నారు. షూటర్ తన రైఫిల్‌ను తీసుకొని వెళితే దానిని పట్టుకొయ్యలో బిగించి, ఒక్కొక్క లాట్ నుండి 50 మీటర్లకు గుంపులు కాల్చి చూస్తారు. మనిషి చేయి, కన్ను, గుండె కొట్టుకొనడం ఇవేవీ లేకుండా రైఫిలూ తూటా మాత్రమే మిగులుతాయి. అన్నిటిలో బిగువైన గుంపు ఇచ్చిన లాట్ నుండి ఒక సంవత్సరానికో, రాబోయే పెద్ద పోటీ వరకో సరిపడా తూటాలు ఒకేసారి కొంటారు. అంత దూరం వెళ్ళలేనివారు నాలుగైదు లాట్ల నుండి ఒక్కొక్క పెట్టె తెచ్చుకొని, గాలి లేని ఉదయం పూట, ఆధారంపై రైఫిల్ ఆనించి, పది తూటాల గుంపులు మూడు నాలుగు కాల్చి పోల్చుకొనవచ్చును. ఒక్క గుంపు చూసి నిర్ణయించుకొనడం మంచిది కాదు, అదృష్టవశాత్తు ఒక గుంపు ఎప్పుడైనా బాగా వస్తుంది.

గుంపు నిలువుగా సాగితే వేగంలో తేడాలను అనుమానించవలెను. వేగంలో సెకనుకు 3 మీటర్ల తేడా వస్తే 50 మీటర్ల వద్ద గుండు రెండున్నర మిల్లీమీటర్లు పైకో కిందికో తగులుతుంది. 100 మీటర్ల వద్ద అది సెంటీమీటరు వరకు పెరుగుతుంది. పోటీ తూటాల ధర సాధన తూటాల కంటే ఎన్నో రెట్లు ఉండడానికి కారణం ఎక్కువ బలం కాదు, ఒక తూటాకు మరొక తూటాకు తేడా లేకపోవడమే.

అయితే నేర్చుకొనే దశలో ఖరీదైన తూటాల వలన పెద్ద ప్రయోజనం ఉండదు. తన గుంపు 40 మిల్లీమీటర్లు ఉన్న విద్యార్థికి 12 మిల్లీమీటర్ల తూటా, 20 మిల్లీమీటర్ల తూటా ఒకటే. ఆ డబ్బుతో నాలుగు రెట్లు సాధన తూటాలు కొని కాల్చితే గుంపు దానంతట అదే తగ్గుతుంది.

రైఫిల్

పోటీ రైఫిళ్ళలో జర్మనీలోని ఉల్మ్ నగరానికి చెందిన అన్షుట్జ్ పేరు చాలాకాలంగా ముందున్నది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, స్విట్జర్లాండుకు చెందిన బ్లైకర్ కూడా పోటీలలో కనిపిస్తాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం 50 మీటర్ల పోటీ రైఫిల్‌లో ఒక్కొక్క తూటానే చేతితో వేయాలి. బరువు 8 కిలోగ్రాములు మించరాదు. ఈ బరువు చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు గాని, నిలబడి కాల్చేటప్పుడు కదలికను అణచేది ఆ బరువే.

గొట్టం పొడవు విషయంలో ఒక విశేషం కలదు. .22లో మందు కొద్దిగానే ఉండడం వలన సుమారు 40 సెంటీమీటర్ల గొట్టంలోనే గుండుకు రావలసిన వేగం వచ్చేస్తుంది. అయినను పోటీ రైఫిళ్ళకు 65 సెంటీమీటర్లు, అంతకు మించిన గొట్టాలు ఉంటాయి. అది వేగం కోసం కాదు. ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య దూరం పెరిగితే గురిలో పొరపాటు తగ్గుతుంది. గొట్టం లోపలి మెలితిరిగిన గాళ్ళు సాధారణంగా 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. 40 గ్రెయిన్ల గుండును నిలకడగా త్రిప్పడానికి అది చాలును.

వేటకు, సరదా గురికి వాడే రైఫిళ్ళు దీనికి భిన్నంగా రెండున్నర, మూడు కిలోల బరువుతో, మ్యాగజైనుతో ఉంటాయి. 1964లో వచ్చిన రూగర్ 10/22 అమెరికాలో ఇంటింటి పేరు. చెక్ దేశపు సి.జడ్. బోల్టు రైఫిళ్ళు తక్కువ ధరలో మంచి గురి గలవిగా పేరు పొందాయి. పోటీ రైఫిల్ ట్రిగ్గరు వంద గ్రాముల ఒత్తిడికే కదలవచ్చు, కాని అడవిలో చేతి తొడుగులతో, వణుకుతున్న వేళ్ళతో పట్టుకొనే రైఫిల్‌కు అంత సున్నితమైన ట్రిగ్గరు ప్రమాదకరం. ఒక పనికి ఉత్తమమైనది మరొక పనికి పనికిరాదనడానికి ఇది చక్కని నిదర్శనం.

చాలా .22 రైఫిళ్ళలో తూటా లేకుండా ట్రిగ్గరు నొక్కరాదు. తూటా అంచు ఉండవలసిన చోట ఏమీ లేనందున పిన్ను నేరుగా గొట్టం అంచును కొట్టి గంటు పెడుతుంది. ఆ గంటు వలన తరువాత తూటాలు సరిగా దూరవు. ఖాళీ సాధన చేయదలచినవారు ప్లాస్టిక్ డమ్మీ తూటా వాడవచ్చును.

సామగ్రి

పోటీలో దూరదర్శిని సైటుకు అనుమతి లేదు. వెనుక సన్నని రంధ్రం, ముందు ఒక వలయం ఉండే డయాప్టర్ సైటు వాడతారు. కన్ను రంధ్రం గుండా చూసినప్పుడు ముందు వలయం, అందులో నల్లని లక్ష్యం ఒకే కేంద్రంతో కనిపిస్తాయి. ఒకదానిలో ఒకటి సరిగా అమరిన వృత్తాలను గుర్తించడంలో మనిషి కన్ను చాలా నేర్పుగలది. ముందు వలయం మరీ బిగువుగా ఎంచుకొనడం కొత్తవారు తరచుగా చేసే పని. లక్ష్యం చుట్టూ తగినంత తెలుపు కనిపించకపోతే కన్ను త్వరగా అలసిపోతుంది.

మందపాటి బట్టతో, తోలుతో కుట్టిన కోటు, ప్యాంటు వెన్నెముకకు ఆధారం ఇస్తాయి. వీటి మందం, బిగువు ఎంత ఉండాలో నియమాలు కలవు. పోటీకి ముందు యంత్రంతో కొలిచి చూస్తారు. పడుకొని, మోకాలిపై కూర్చొని కాల్చేటప్పుడు చేతికి స్లింగ్ పట్టీ కట్టుకొంటారు, నిలబడినప్పుడు అది నిషిద్ధం. కొత్తగా చేరినవారు మొదట కొనవలసినవి కోటు, చేతి తొడుగు, చెవులకు రక్షణ, కంటి అద్దాలు. రైఫిల్‌ను క్లబ్బు ఇస్తుంది, కాని కోటు మాత్రం ఒకరిది మరొకరికి నప్పదు.

గొట్టాన్ని శుభ్రపరచడంలో అతి కూడా హానియే. కడ్డీని మూతి వైపు నుండి దూరిస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. వీలైనంతవరకు వెనుక వైపు నుండే, పూత గల కడ్డీతో శుభ్రపరచవలెను.

వేటలో

ఉత్తర అమెరికాలో ఉడుతల వేటకు, ఆస్ట్రేలియాలోను, బ్రిటనులోను కుందేళ్ళ వేటకు .22 ప్రసిద్ధమైనది. శబ్దం తక్కువ, మాంసం పాడుకాదు, ఖర్చు స్వల్పం. ఇందుకు ముందు భాగంలో గుంట గల గుండ్లను వాడతారు. ఇవి తగలగానే విచ్చుకొని శక్తిని అక్కడికక్కడే వదులుతాయి. 50, 60 మీటర్లకు మించి కాల్చకపోవడం, తలకే గురిపెట్టడం మంచి వేటగాళ్ళు పాటించే నియమాలు. గుండు పొట్టలో తగిలిన కుందేలు బొరియలోకి పారిపోయి గంటలకొద్దీ యాతనతో చనిపోతుంది. వేటగాడికి అది దొరకదు కూడా.

జింక, దుప్పి, అడవిపంది వంటి వాటికి ఈ తూటా ఎంతమాత్రం తగదు. ఇంగ్లండులో పెద్ద జాతుల జింకలకు కనీసం .240 వ్యాసం, సుమారు 2,300 జౌళ్ళ శక్తి గల తూటా ఉండవలెనని 1991 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. సాధారణ .22 తూటా శక్తి అందులో పదహారవ వంతు కూడా లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు జింకల వేటకు అంచు తూటాలను నిషేధించాయి. 1953లో కెనడాలోని ఆల్బర్టా ప్రాంతంలో బెల్లా ట్విన్ అనే క్రీ జాతి మహిళ చిన్న .22 రైఫిల్‌తో ఒక బ్రహ్మాండమైన గ్రిజ్లీ ఎలుగుబంటిని చంపిన సంఘటనను కొందరు ఇందుకు సమాధానంగా చెబుతారు. ఆమె వాడినది లాంగ్ రైఫిల్ కంటే కూడా బలహీనమైన .22 లాంగ్ తూటా. కాని ఆమె వేటాడబోయి కాల్చలేదు. ఎదురుపడిన ఎలుగుబంటి నుండి తప్పించుకొనే ప్రయత్నంలో, అతి దగ్గరగా తల పక్క భాగంలో కాల్చి, తరువాత మరికొన్ని గుండ్లు వేసినది. ప్రాణాపాయంలో ఫలించిన సాహసాన్ని ఎంపికకు ప్రమాణంగా తీసుకొనరాదు.

సీసం విషపదార్థం కావడం వలన కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది. రాగితో చేసిన .22 గుండ్లు లభిస్తున్నా అవి ఖరీదైనవి. తేలికగా ఉండడం వలన పోటీ గురికి కూడా నప్పవు.

ప్రమాదము

చిన్న తూటా కదా అనే చులకన భావమే .22 వలన జరిగే ప్రమాదాలకు మూలం. అమెరికాలో అమ్మే పెట్టెలపై ఒకటిన్నర మైలు దూరం వరకు ప్రమాదకరమని హెచ్చరిక ముద్రిస్తారు. చెట్టు కొమ్మపై ఉన్న ఉడుతను ఆకాశం వైపు కాల్చినప్పుడు గురి తప్పిన గుండు ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. నెమ్మదిగా వెళ్ళే మొద్దు సీసపు గుండు నీటిని, రాతిని, గట్టి నేలను తగిలినప్పుడు పగిలిపోక ఎగిరి దారి మళ్ళుతుంది. 1981 మార్చి 30న వాషింగ్టన్ నగరంలో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్‌పై ఒక దుండగుడు .22 రివాల్వరుతో ఆరుసార్లు కాల్చాడు. ఆ గుండ్లలో ఏదీ నేరుగా రీగన్‌కు తగలలేదు. ఒక గుండు ఆయన కారుకు తగిలి దారి మళ్ళి ఎడమ చంక కిందుగా దూసుకొనిపోయి ఊపిరితిత్తిలో చేరినది. సకాలంలో శస్త్రచికిత్స జరగకపోతే ఆయన బ్రతికేవాడు కాదు. లక్ష్యం వెనుక మెత్తని మట్టికట్ట ఉండవలెననే నియమం ఇటువంటి గుణం వలననే ఏర్పడినది.

ట్రిగ్గరు నొక్కినా తూటా పేలకపోతే వెంటనే బోల్టు తీయరాదు. మందు ఆలస్యంగా అంటుకొనవచ్చును. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి, ఆ తరువాతనే తూటాను తీయవలెను. పేలిన శబ్దం బలహీనంగా వినిపిస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కొని ఉండవచ్చును. చూడకుండా మరొక తూటా కాల్చితే గొట్టం ఉబ్బిపోతుంది.

పేర్ల పోలిక వలన కూడా పొరపాట్లు జరుగుతుంటాయి. 1959లో వచ్చిన .22 మాగ్నం తూటా తొడుగు లావైనది. ఆ రైఫిల్‌లో లాంగ్ రైఫిల్ తూటా వేస్తే వదులుగా కూర్చొని తొడుగు చీలిపోతుంది. .223 రెమింగ్టన్ గుండు లావు ఇంచుమించు ఇంతే గాని శక్తిలో పన్నెండు రెట్ల వరకు ఉండే పూర్తిగా వేరొక తూటా.

క్రీడలలో

1908 లండన్ ఒలింపిక్స్‌లోనే చిన్న గొట్టపు రైఫిల్ పోటీలు జరిగాయి. మూడు భంగిమల పోటీ 1952 నుండి ఉన్నది. 1976 మాంట్రియల్‌లో స్త్రీ పురుషులు కలిసి పాల్గొన్న ఈ పోటీలో అమెరికాకు చెందిన లానీ బాషం, మార్గరెట్ మర్డాక్ ఇద్దరూ 1162 పాయింట్లు సాధించారు. నియమాల ప్రకారం స్వర్ణం బాషంకు దక్కినది. జాతీయగీతం వేళ ఆయన ఆమెను తన మెట్టుపైకి పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. పడుకొని కాల్చే పోటీని 2016 తరువాత ఒలింపిక్స్ నుండి తొలగించారు.

భారతీయులలో తేజస్విని సావంత్ 2010లో మ్యూనిక్ నగరంలో 50 మీటర్లు పడుకొని కాల్చే పోటీలో ప్రపంచ విజేత అయినది. 2012 లండన్‌లో ఇదే తరహా పురుషుల పోటీలో జొయ్‌దీప్ కర్మాకర్ నాలుగవ స్థానంలో నిలిచి, 1.9 పాయింట్ల తేడాతో కాంస్యం కోల్పోయాడు. ఆ ఒలింపిక్స్‌లోనే విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో రజతం సాధించాడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది మాత్రం .22తో కాదు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలులో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం పొందినది. 50 మీటర్ల రైఫిల్‌లో భారతదేశానికి మొదటి ఒలింపిక్ పతకం 2024లో వచ్చినది. పారిస్ క్రీడలలో భాగంగా షాటోరూలో జరిగిన మూడు భంగిమల పోటీలో స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యం గెలుచుకున్నాడు.

భారతదేశంలో చట్టము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వలన మన దేశంలో వినోదం కోసం వేటాడడం పూర్తిగా నేరం. పంటలను పాడుచేసే అడవిపందుల వంటి వాటి విషయంలో కూడా వన్యప్రాణి అధికారుల వ్రాతపూర్వక అనుమతి లేనిదే కాల్చరాదు. అటువంటి అనుమతి లభించినప్పటికీ .22 పనికిరాదు. గాయపడిన పంది తిరగబడుతుంది, లేక పొదలలో చేరి మరునాడు కూలికి వచ్చినవారిపై పడుతుంది. కనుక ఈ తూటాకు మన దేశంలో మిగిలిన చట్టబద్ధమైన ముఖ్య ఉపయోగం లక్ష్య సాధనయే.

.22 రైఫిల్‌కు 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. ఇందుకు 21 సంవత్సరాలు నిండి ఉండాలి. 2019 సవరణ తరువాత సాధారణ పౌరుడు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 జౌళ్ళ శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. అందువలన మన విద్యార్థులలో చాలామంది ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి, రాష్ట్రస్థాయికి ఎదిగిన తరువాత .22కు మారుతారు. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం ఈ క్రీడను నిర్వహిస్తున్నది. లోక్‌సభ మొదటి స్పీకరు జి.వి. మావలంకర్ దీని స్థాపకుడు. ఆయన పేరిట జరిగే పోటీలలో నిర్ణీత స్కోరు సాధించినవారికే జాతీయ పోటీలలో ప్రవేశం లభిస్తుంది.